పది నిమిషాలకోసారి తీసిన మూత

2022 అక్టోబరు 17, సోమవారం. ఉదయం ఎనిమిదిన్నర, లాంచి రేవు. హాజరైనవారు: లాంచి యజమాని, హుజూర్‌నగర్ నుంచి వచ్చిన డీజిల్ మేస్త్రీ, లాంచి డ్రైవర్, నేను.

ఆనాటి డైరీలో మొదటి వరస ఇది. డ్రైవర్ అంటే నా సొంత తమ్ముడు. డైరీలో ఆ మాట లేదు. పనిమీద వెళ్లినప్పుడు చుట్టరికాలు రాయకూడదని నా పద్ధతి. ఎత్తిపోతల పంపుహౌసులో ముప్పై రెండేళ్లు చేసి ఫోర్‌మన్‌గా దిగిపోయాను. అక్కడ ఏ యంత్రం విప్పినా ముందు తేదీ, వేళ, ఎవరెవరు దగ్గరున్నారో రాసేవాళ్లం. రేపు ఏదైనా తేడా వస్తే ఎవరూ నేను లేనని తప్పించుకోకుండా. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు.

ముందు లాంచి సంగతి చెప్పాలి. ముప్పై మంది పట్టే పడవ. నడుమ చెక్కల కింద రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను కూర్చుని ఉంటుంది. దాని నుంచి ఒక షాఫ్టు పడవ అడుగు గుండా వెనక్కి పోయి నీళ్లలో పంకను తిప్పుతుంది. ఇంజనుకు కొంచెం ఎత్తున ఇనుప స్టాండు మీద డీజిల్ ట్యాంకు. డీజిల్ తన బరువుకు తానే ఒక గొట్టంలోంచి ఇంజనుకు దిగాలి. దిగువన కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టాక మా దగ్గర నది కడుపు ఉబ్బినట్టు వెడల్పయింది. మా రేవు నుంచి ఎగువన అవతలి రేవు చేరడానికి ముప్పై అయిదు నిమిషాలు. మా తమ్ముడు పంతొమ్మిదేళ్లుగా ఆ దారిలో లాంచి నడుపుతున్నాడు. వాడికి వేరే పని రాదు, భూమి లేదు.

ఆ ఏడు దసరా పోయిన మర్నాటి నుంచి ఇంజను మొండికేసింది. మొదటి హ్యాండిల్‌కే స్టార్టవుతుంది. పదిహేను ఇరవై నిమిషాలు చక్కగా పోతుంది. నది నడుమకు వెళ్లేసరికి జోరు తగ్గుతుంది, పెరుగుతుంది, మళ్లీ తగ్గుతుంది, చివరికి ఆగిపోతుంది. నల్లపొగ రాదు, వేరే చప్పుడేదీ రాదు. తమ్ముడు కిందికి దిగి డీజిల్ ఉందో లేదో చూసి, ఇంజను డీజిల్ పంపు దగ్గర స్క్రూ వదులు చేసి గాలి తీసి, హ్యాండిల్ తిప్పుతాడు. స్టార్టవుతుంది. అవతలి గట్టుకు చేరుతుంది. పది రోజుల్లో తొమ్మిదిసార్లు ఇట్లా జరిగింది. తొమ్మిదోసారి ఆగినప్పుడు గాలికి లాంచి కొట్టుకుపోయి రాతిగుట్టకు తగిలింది. పత్తి ఏరడానికి పోతున్న ఆడవాళ్లు పెద్దగా ఏడ్చారట.

యజమానికి అప్పటికే తమ్ముడి మీద కోపం ఉంది. వారానికి ఒకరోజు సెలవు కావాలని వినాయకచవితి ముందు ఇద్దరూ మాటామాటా అనుకున్నారు. ఆ కోపంతోనే కావాలని నది నడుమ ఆపుతున్నాడని ఆయన అనుమానం. యజమాని అక్క కొడుకు ఒకడు నకిరేకల్ దిక్కు లారీ నడుపుతూ ఉన్నాడు. వాడిని తెచ్చి లాంచి మీద పెట్టాలని ఆయన ఆలోచన. అయితే పంతొమ్మిదేళ్ల మనిషిని ఊరికే పొమ్మంటే ఊళ్లో మాటపడాలి. అందుకని నా ఇంటికి వచ్చాడు.

"ఇంజన్‌ల తప్పుంటే మీ తమ్ముడు నా తమ్ముడే, రేపటికెల్లి మళ్ల ఆయినె నడుపుతడు. ఇంజన్‌ల తప్పు లేకుంటే మాత్రం నన్నేమనొద్దు. మీరు జెప్పిందే ఖరారు సారూ," అన్నాడు.

తమ్ముడి బతుకు నా నోట్లో పెట్టాడన్నమాట. ఆ మాటకు నేను భయపడాల్సింది. ఉబ్బిపోయాను. దిగిపోయి ఎనిమిదేళ్లయినా నా మాటకు విలువ ఉందని సంతోషపడ్డాను. అన్నదమ్ములం కాబట్టి ఈ పని నాకు వద్దని ఒక్కమాట అని ఉంటే సరిపోయేది.

ఆదివారం పొద్దుగూకే వేళకు తమ్ముడు వచ్చాడు. ఇంట్లోకి రమ్మన్నా రాలేదు, మెట్టు మీదే కూచున్నాడు. కాలి మడమకు అంటిన గ్రీజు గీక్కున్నాడు.

"అన్నా, రేవుల కట్టేసి చూడకు. ఏం ముట్టుకోకుండ నీళ్లలకు తోలు. నడుమకు పోయినంక ఊపిరాడనోని లెక్క కొట్టుకుంటది. ఏది ముట్టుకున్నా మంచిగైతది, మళ్ల కొట్టుకుంటది. గది నువ్వు కండ్లార చూడాలె," అన్నాడు.

ఊపిరాడకపోవడం అంటే ఏమిటి, ఎయిర్ ఫిల్టరా అని అడిగాను. తెలియదన్నాడు. ఎన్ని లీటర్లకు ఎంత దూరం నడుస్తోందని అడిగాను. లెక్కపెట్టలేదన్నాడు. అట్లా అయితే నా పద్ధతిలో నేను చూస్తానని చెప్పాను. వాడు లేచి, "నీ పద్ధతి నాకు ఎర్కనే," అని వెళ్లిపోయాడు. వాడి మాట డైరీలో రాయలేదు. కొలవడానికి వీల్లేని మాటలు రాయకూడదని అప్పట్లో నా నియమం.

ఇక సోమవారం. నా వరస నాది. ముందు డీజిల్ మట్టం. ట్యాంకు మూత తీసి, శుభ్రమైన కర్ర ముంచి, తడిసిన దాకా స్కేలుతో కొలిచి రాశాను. తర్వాత ఫిల్టర్ కింది గాజు గిన్నె విప్పి చూశాం. నీటి చుక్క లేదు, మడ్డి లేదు. డీజిల్‌లో కల్తీ ఉందేమోనన్న అనుమానం అక్కడితో పోయింది. మేస్త్రీ ఇంజెక్టర్లు విప్పి పిచికారీ చూపించాడు, రెండూ సమానంగా పొగమంచులా కొట్టాయి. ఎయిర్ ఫిల్టర్ దులిపితే దుమ్ము కూడా పెద్దగా రాలేదు. చల్లటి నీళ్లు తిరిగే గొట్టం, బెల్టు, షాఫ్టు బోల్టులు అన్నీ బాగున్నాయి. పంకకు వల ముక్కగానీ గుర్రపుడెక్కగానీ చుట్టుకుందేమోనని తమ్ముడిని నీళ్లలోకి దింపాను. వాడు మునిగి లేచి ఏమీ లేదన్నాడు.

మేస్త్రీ నలభై ఏళ్లుగా డీజిల్ పంపులు విప్పుతున్నవాడు. చేయి ఎంత మెత్తనో నోరు అంత గట్టి. యజమాని పక్కన నిలబడి, డ్రైవర్ ఇంజనుకు డీజిల్ పోస్తున్నాడో తాను తాగుతున్నాడో అని ఒక మాట విసిరితే, "తాగేటోడైతే మీ లాంచి పంతొమ్మిదేండ్లు తేలుతుండెనా సేట్? పిల్లనియ్యకపోతే మానె, పేరన్న మంచిగ బెట్టుండ్రి," అన్నాడు. తమ్ముడు కూడా నవ్వాడు. ఆ రోజు వాడు నవ్వింది అదొక్కసారే.

తర్వాత ఇంజను స్టార్ట్ చేయించాను. లాంచిని రేవు రాతికి కట్టేసి, పంక తిరగకుండా గేరు తప్పించి, అరగంట నడిపించాం. పది నిమిషాలకోసారి ట్యాంకు మూత తీసి కర్ర ముంచి, ఎంత డీజిల్ తగ్గిందో రాశాను. పంపుహౌసులో మోటార్ల అంకెలు కూడా అట్లాగే పది నిమిషాలకోసారి రాసేవాళ్లం. ఆ అంకెలు ఇప్పటికీ డైరీలో ఉన్నాయి, చక్కగా గీత గీసి, ఒకదాని కింద ఒకటి. ఎక్కడా తేడా లేదు. ఇంజను గడియారంలా నడిచింది.

తమ్ముడు ముందు కొనన తాడు పట్టుకుని నిలబడ్డాడు. "ఇగ నీళ్లలకు తోలుదామన్నా," అని ఒక్కసారి అన్నాడు. మేస్త్రీ కూడా పనిముట్లు సర్దుకుంటూ, పెద్దసాబ్, ఒక్క రౌండ్ కొట్టొస్తే మంచిగుంటది కదా అన్నాడు. నేను అక్కర్లేదన్నాను. నిలబెట్టి పరీక్షించినప్పుడు బాగా నడిచిన యంత్రం బాగున్నట్టేనని, ముప్పై రెండేళ్లు అట్లాగే చేశామని చెప్పాను. పంపుహౌసులో మోటార్లు కరెంటువి. వాటికి డీజిల్ ట్యాంకే ఉండదు. ఆ తేడా నాకు తట్టలేదు.

యజమాని, "మరి చెప్పుండ్రి సారూ," అన్నాడు.

"ఇంజన్‌ల తప్పు లేదు," అన్నాను.

అంతటితో ఆగినా కొంత నయం. ఆగలేదు. మా బాపు ఉన్న రోజుల్లో, తమ్ముడికి ఇరవై రెండేళ్లప్పుడు, నూనె చూసుకోకుండా బావి మీది ఇంజను నడిపి పిస్టన్ బిగుసుకుపోయేలా చేశాడు. ఆ ఏడు వరి ఎండిపోయింది. అది నా పాత డైరీల్లో ఉంది. ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో కూడా నాకు గుర్తు. "బావికాడి ఇంజన్ గూడ గిట్లనే ఖరాబు చేసిండు. చెప్తే ఇనడు, చూసుకోడు," అని యజమాని ముందు, బయటివాడైన మేస్త్రీ ముందు అన్నాను.

తమ్ముడు నా వైపు చూశాడు. కోపం కనిపించలేదు. ఎవరో కొత్త మనిషిని గుర్తుపట్టే ప్రయత్నం చేస్తున్నట్టు చూశాడు. తర్వాత స్టార్ట్ చేసే హ్యాండిల్‌ను చెక్కల మీద చప్పుడు కాకుండా పెట్టి, తువ్వాల, టిఫిన్ డబ్బా తీసుకుని గట్టెక్కాడు. లుంగీ ఇంకా ఆరలేదు. యజమాని అప్పటికే ఫోనులో అక్క కొడుకుతో మాట్లాడుతున్నాడు.

ఒంటిగంట ట్రిప్పుకు ఇరవై మందికి పైగా రేవులో కూచుని ఉన్నారు. కొత్త డ్రైవర్ పొద్దూకితేగానీ రాడు. పంపుహౌసుకు ఒక మోటారు పడవ ఉండేది, దాన్ని చాలాకాలం నేనే నడిపాను. అందుకని ఈ ట్రిప్పు నేను తోలుతానన్నాను. నా తీర్పు ఎంత సరైనదో జనానికి చూపించాలని కూడా మనసులో ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. యజమాని ముందు కొనన కూచున్నాడు.

పద్దెనిమిదో నిమిషం దాకా బాగా పోయింది. తర్వాత ఇంజను ఒకసారి తగ్గి మళ్లీ అందుకుంది. ఇంకోసారి తగ్గింది. తమ్ముడు చెప్పిన మాట అప్పుడు కళ్ల ముందు కనిపించింది. నీళ్లలో మునుగుతున్నవాడు తల పైకెత్తి గాలి మింగి మళ్లీ మునిగినట్టు, ఆ ఇంజను లేస్తూ పడుతూ నాలుగైదు సార్లు కొట్టుకుని ఆగిపోయింది. లాంచి ప్రవాహానికి మెల్లగా పక్కకు తిరిగింది. ఎవరో ఆడమనిషి, ఈయన గూడ ఆపిండు అంది.

కిందికి దిగాను. మొదటి పని డీజిల్ మట్టం. మూత తిప్పాను. తిప్పుతుండగానే ఉస్సుమని శబ్దం వచ్చింది. బయటి గాలి ట్యాంకులోకి జొరబడిన శబ్దం. పొద్దున కూడా అంత గట్టిగా కాకపోయినా వచ్చే ఉంటుంది. పక్కన ఇంజను మోతలో, చేతిలో స్కేలు పట్టుకుని, నాకు వినబడలేదు.

మూతను ఆకాశానికి ఎత్తి చూశాను. దాని నడుమ సూది మొన దూరేంత చిన్న రంధ్రం ఉండాలి. డీజిల్ దిగిన కొద్దీ ఆ ఖాళీలోకి దాంట్లోంచే గాలి పోవాలి. గాలి పోకపోతే లోపల పీల్చి పట్టినట్టయి డీజిల్ కిందికి దిగదు. ఆ రంధ్రంలోంచి వెలుగు కనబడలేదు. దాని మీద ఎర్రటి బొట్టు ఉంది.

ఆ బొట్టు పెట్టింది నేనే. మా దిక్కు దసరాకు బండ్లకు, ఇంజన్లకు, పనిముట్లకు కడిగి రంగులేసి పూజ చేస్తారు. డ్రైవర్ ఇంటి పెద్దను కాబట్టి లాంచి పూజకు ప్రతి ఏడు నన్నే పిలుస్తారు. నీళ్లు చిమ్మి పసుపు కుంకుమలు రెండు రోజులకే కారిపోతాయని, ఆ ఏడు కొత్తగా ఆలోచించి ఎనామెల్ రంగు తీసుకుపోయాను. పసుపురంగు గుండ్రం, దాని నడుమ ఎర్రబొట్టు, ఏడాదిపాటు చెక్కుచెదరకుండా. ఇంజను మీద ఒకటి, చుక్కాని మీద ఒకటి, ట్యాంకు మూత మీద ఒకటి. మూతకు సరిగ్గా నడుమ రావాలని స్కేలుతో కొలిచి మరీ పెట్టాను. మూత లోపలి రబ్బరు వాషరు అరిగి ఉంటే అదే రోజు కొత్తది కూడా వేశాను. పాత వాషరు సందుల్లోంచి పోయే కొంచెం గాలి కూడా దాంతో ఆగిపోయింది.

కట్టేసిన లాంచిలో, బరువు లేని ఇంజను తాగే డీజిల్ చాలా తక్కువ. దానికి తోడు పది నిమిషాలకోసారి మూత తీసి నేనే ట్యాంకుకు ఊపిరి పోశాను. నేను ఎంత శ్రద్ధగా కొలిస్తే తప్పు అంత బాగా దాక్కుంది. తమ్ముడు కూడా నది నడుమ ప్రతిసారీ మూత తీసి డీజిల్ చూసేవాడు, అందుకే ప్రతిసారీ స్టార్టయ్యేది. వాడు దాన్ని పట్టుకోలేకపోయాడు. ఏది ముట్టుకున్నా మంచిగైతదని మాత్రం కనిపెట్టాడు. నేను దాన్ని వినలేదు.

దగ్గర కూచున్న ఒక ఆడమనిషి గాజుకు పిన్నీసు ఉంటే అడిగి తీసుకుని, బొట్టు నడుమ పొడిచాను. రంగు పెచ్చు లేచింది, వెలుగు కనబడింది. మూత బిగించి, గాలి తీసి, హ్యాండిల్ తిప్పాను.

ఇంజను అందుకోగానే ముందు నుంచి యజమాని, ఏమైంది సారూ అని అరిచి అడిగాడు.

"గాలి పట్టింది. తీసేసిన," అన్నాను.

అది అబద్ధం కూడా కాదు. నిజం చెప్పకుండా నిజంలాంటిది ఎట్లా చెప్పాలో ముప్పై రెండేళ్ల రిపోర్టులు నాకు నేర్పాయి. ఆయన పక్కవాళ్లతో, చూసిండ్రా, తెలిసినోని చేతిల పడితే రెండు నిమిషాల్ల లేచింది, వాడైతే అరగంట సతాయిస్తుండె అన్నాడు. అందరూ నన్ను చూశారు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. మూత మీద రంగు పొర వేసింది నేను, పడవ నిండా మనుషులను పదిరోజులు నది నడుమ నిలబెట్టింది నేను అని ఇరవై మందిలో చెప్పడానికి నోరు రాలేదు. తిరుగు ట్రిప్పులో ప్రవాహం వెంట అవతలి రేవు నుంచి మా రేవు దాకా ఇంజను ఒక్క క్షణం తడబడలేదు. ఆ ముప్పై నిమిషాలూ అది ఆగితే బాగుండునని కోరుకున్నాను. వేరే తప్పేదో ఉందని తేలితే బాగుండునని.

ఆ సాయంత్రం డైరీలో పొద్దుటి అంకెల కింద, "మధ్యాహ్నం ట్రిప్పులో ఇంజనుకు గాలి పట్టింది, తీశాను" అని రాశాను. నలభై రెండు డైరీల్లో నేను తెలిసి దాచిపెట్టిన వాక్యం అదొక్కటేనని చెప్పుకోవాలని ఉంది. ఒకటి దాచిన చేత్తో మిగతావి ఎట్లా రాశానో ఎవరు నమ్ముతారు?

మంగళవారం పొద్దున ఆరున్నరకు రేవుకు వెళ్లాను. యజమాని అక్క కొడుకు అప్పటికే చుక్కాని దగ్గర కూచుని ఉన్నాడు. చెవిలో పాటలు పెట్టుకుని, ఏ మీట దేనిదో ముట్టుకుని చూస్తున్నాడు. యజమానిని పక్కకు పిలిచి అంతా చెప్పాను. రంగు, బొట్టు, వాషరు, పిన్నీసు. తమ్ముడి తప్పు రవ్వంత కూడా లేదని, మళ్లీ పిలిపించమని అడిగాను.

ఆయన నవ్వాడు. "గింతేనా సారూ? పోనియ్యుండ్రి, మంచిగైంది గదా. లారీ ఇడిచిపెట్టి వచ్చినోన్ని మళ్ల పొమ్మంటే మా అక్క నా మొఖం జూస్తదా? నిన్న మీరే అంటిరి, చూసుకోడని," అన్నాడు.

ఇంతలో జనం ఎక్కడం మొదలుపెట్టారు. వాళ్లలో తమ్ముడున్నాడు. చేతిలో బట్టల సంచి. అవతలి ఒడ్డున పత్తి మిల్లులో బేళ్లు మోసే పని ఉందని ఎవరో చెప్పారట. యాభై ఆరేళ్ల మనిషి. లాంచికీ గట్టుకూ నడుమ వేసిన చెక్క మీద వాడికి ఎదురుపోయాను. తప్పు నాదని, బొట్టు రంగు రంధ్రంలోకి పోయిందని, యజమానికి చెప్పానని గబగబా అన్నాను.

వాడు అంతా విన్నాడు.

"ఇంజన్‌ల తప్పు లేదన్న మాట నలుగురిల అన్నవు. బావికాడిది గూడ నలుగురిల అన్నవు. గిది మాత్రం చెవుల చెప్తున్నవు," అన్నాడు. "జరుగన్నా, ఎనక ఎక్కేటోళ్లున్నరు," అన్నాడు.

జరిగాను. వాడు వెనక వరసలో, ఇంజను చెక్కల పక్కన, మిగతా కూలీలతో కలిసి కూచున్నాడు. కొత్త డ్రైవరుకు హ్యాండిల్ తిప్పడం చేతకాక రెండుసార్లు చేయి జారింది. మూడోసారికి తమ్ముడే లేచి, వాడి చేతిలోంచి హ్యాండిల్ తీసుకుని ఒక్క తిప్పుకు స్టార్ట్ చేసి, తిరిగి వాడి చేతికిచ్చి వచ్చి కూచున్నాడు. ఏడుంబావుకు లాంచి కదిలింది. గట్టు మీంచి చూస్తూ ఉన్నాను, అవతలి రేవు చేరేదాకా ఎక్కడా ఆగలేదు.